మైనం పేరు కాదు, అంకె చూడండి

కొవ్వొత్తి అన్న మాటలోనే కొవ్వు ఉంది. ఒకప్పుడు పశువుల కొవ్వు కరిగించి వత్తి చుట్టూ పోసేవారు. అవి మెత్తగా ఉండేవి, పొగ వచ్చేది, కమురు కంపు కొట్టేవి. ఆ ఘాటు వాసనకు మూలం కొవ్వులోని గ్లిజరిన్. ఫ్రెంచి రసాయన శాస్త్రవేత్త షెవ్రెల్ కొవ్వుల నిర్మాణం మీద చేసిన పనినంతా 1823లో పుస్తకంగా వేశాడు. 1825లో గే-లుసాక్‌తో కలిసి, గ్లిజరిన్ తీసేసిన కొవ్వు ఆమ్లాలతో కొవ్వొత్తులు చేసే పద్ధతికి పేటెంట్ తీసుకున్నాడు. ఆ తెల్లటి గట్టి సరుకే స్టియరిన్. తర్వాత పెట్రోలియం నుంచి తీసే పారఫిన్ వచ్చి మార్కెట్టంతా ఆక్రమించింది. 1990లలో సోయా వచ్చింది.

తమాషా ఏమిటంటే, రసాయనశాస్త్రం లెక్కన సోయా వ్యాక్స్ మైనమే కాదు. సోయా నూనెకు హైడ్రోజన్ పట్టించి గట్టిపరిచిన కొవ్వు అది, గ్లిజరిన్ భాగం లోపలే ఉంటుంది. పారఫిన్ హైడ్రోకార్బన్ల మిశ్రమం. ఈ మూడింట్లో అచ్చంగా మైనం అనదగ్గది తేనెమైనం ఒక్కటే. అంటే కొత్త తరం, సహజం అని చెప్పుకుంటూ తిరిగి తిరిగి మళ్లీ కొవ్వు దగ్గరికే వచ్చాం. అందులో తప్పేమీ లేదు, సోయా కొవ్వొత్తులు బాగానే వెలుగుతాయి. నా పేచీ అంతా ఇంట్లో కొవ్వొత్తులు మొదలుపెట్టేవాళ్లు అడిగే మొదటి ప్రశ్నతోనే: 'సోయా మంచిదా, పారఫిన్ మంచిదా, తేనెమైనం మంచిదా?' ఈ ప్రశ్నకు జవాబు ఉండదు. సోయా అన్న పేరు మీద 46 డిగ్రీలకు కరిగే మెత్తటి సరుకూ దొరుకుతుంది, అచ్చుల్లో పోయడానికి పనికొచ్చే గట్టి మిశ్రమమూ దొరుకుతుంది. పారఫిన్‌లో ఈ తేడా ఇంకా ఎక్కువ. పేరు చూసి కొంటే ఏం కొన్నారో మీకే తెలియదు. చూడాల్సింది కరిగే ఉష్ణోగ్రత.

ఆ అంకెను నిర్ణయించేది మీరు చేయబోయే కొవ్వొత్తి ఆకారం. జార్‌లోనో గ్లాసులోనో పోసి అందులోనే వెలిగించేదైతే 46 నుంచి 54 డిగ్రీల సెల్సియస్ మధ్య కరిగే మైనం కావాలి. మెత్తగా ఉండి గాజును అంటిపెట్టుకోవాలి, అంచులదాకా సులువుగా కరగాలి. అచ్చులో పోసి బయటికి తీసి నిలబెట్టే లావు కొవ్వొత్తికి 57 నుంచి 63 డిగ్రీలది కావాలి. మంట చుట్టూ మడుగు కట్టినా పక్క గోడ జారిపోకూడదు కదా. వత్తిని పదేపదే ముంచి తీసి సన్నగా చేసేవాటికీ ఇంచుమించు ఇదే గట్టిదనం కావాలి.

ఈ రెండు రకాలనూ తారుమారు చేస్తే ఏమవుతుందో ముందే చెప్పొచ్చు. జార్ మైనాన్ని అచ్చులో పోస్తే అది అచ్చును వదలదు. బలవంతంగా లాగితే అంచులు ఊడొస్తాయి. వచ్చినా, వెలిగించిన గంటకు ఒక పక్కకు కుంగి మైనమంతా కారిపోతుంది. అచ్చు మైనాన్ని జార్‌లో పోస్తే ముడుచుకుని గాజు నుంచి విడిపోతుంది, మంట నడిమధ్యన గుంట తవ్వుకుంటూ దిగిపోతుంది, చుట్టూ అంగుళం మందాన మైనం కరగకుండా మిగిలిపోతుంది. 'మైనం నాసిరకం' అన్న ఫిర్యాదుల్లో చాలావాటికి అసలు కారణం ఇదే. సరుకు మంచిదే, చోటు మారింది.

అమ్మేవాళ్లు కరిగే ఉష్ణోగ్రత చెప్పలేకపోతే కొనకండి. ఇప్పటికే ఇంట్లో ఊరూపేరూ లేని దిమ్మ ఉంటే మీరే కొలుచుకోవచ్చు. ఓ వంద గ్రాములు కరిగించి 80 డిగ్రీలకు తెచ్చి పొయ్యి మీంచి దించండి. థర్మామీటర్ మొన మైనం మధ్యలో ఉండేలా పట్టుకుని, మెల్లగా కలుపుతూ ప్రతి అర నిమిషానికీ అంకె రాసుకోండి. మొదట చకచకా దిగుతుంది. ఒకచోటికి రాగానే వరసగా నాలుగైదు సార్లు దాదాపు అదే అంకె వస్తుంది, మైనం మసకబారుతుంది. అదే మీకు కావాల్సిన అంకె. గడ్డకట్టే క్షణంలో మైనం తనలో దాచుకున్న వేడిని వదులుతుంది, అందుకే కాసేపు దిగదు. పరిశ్రమలో పారఫిన్‌ను కొలిచే పద్ధతికీ ఇదే సూత్రం. సోయా మీద ఇంత స్పష్టంగా రాదు. అంకె నిలిచే ఆ మెట్టు కాస్త సాగినట్టు, పలచబడినట్టు ఉంటుంది.

కరిగే ఉష్ణోగ్రతకు ఇంత పెద్దపీట ఎందుకంటే, మంట మైనాన్ని నేరుగా కాల్చదు. మంట వేడికి మైనం కరిగి, వత్తి పోగుల వెంట పైకి పాకి, కొసన ఆవిరవుతుంది. మండేది ఆ ఆవిరి. కాబట్టి మైనం కరగాలి, పాకాలి, ఆవిరి కావాలి. ఆలస్యంగా కరిగేదానికీ, కరిగాక చిక్కగా ఉండేదానికీ లావు వత్తి కావాలి. ఒకే జార్‌లో పారఫిన్‌కు సరిపోయిన వత్తి సోయాకు చాలకపోవడం, తేనెమైనానికి అసలే చాలకపోవడం ఇందుకే. మైనం మార్చి పాత వత్తినే ఉంచడమంటే సగం పని చేసి వదిలేయడమే.

పారఫిన్‌తో మొదలుపెడతాను, దాని మీదే అపవాదులు ఎక్కువ కాబట్టి. పనివాడి చేతిలో అంతగా చెప్పినమాట వినే మైనం ఇంకోటి లేదు. రంగు తేటగా పడుతుంది, వాసన బాగా విడుదల చేస్తుంది, అచ్చును తేలిగ్గా వదులుతుంది. దాని ఒకే ఒక్క మొండితనం ముడుచుకోవడం. ద్రవం నుంచి గట్టిపడేటప్పుడు ఘనపరిమాణం పది శాతానికి పైగా తగ్గుతుంది. అచ్చును వదలడానికి కారణమూ అదే, తలనొప్పికి కారణమూ అదే.

దీన్ని దగ్గరగా చూడాలంటే 80 డిగ్రీల దగ్గర పోసి పక్కనే కూర్చోండి. ముందు అంచు వెంట తెల్లటి ఉంగరం కడుతుంది. కాసేపటికి పైన మీగడలా తెట్టు వస్తుంది. పని అయిపోయినట్టే కనిపిస్తుంది, కానీ లోపల ఇంకా ద్రవమే. అది గట్టిపడుతూ ముడుచుకునేకొద్దీ పై తెట్టును కిందికి లాగుతుంది, వత్తి చుట్టూ గుంట పడుతుంది. తెట్టు దిగకుండా బిగుసుకుపోతే ఇంకా ప్రమాదం: పైన పటారం, లోన లొటారం. వెలిగించిన రెండో రోజో మూడో రోజో మంట ఆ బోలు దాకా దిగుతుంది, కరిగిన మడుగంతా ఒక్కసారిగా లోపలికి జారిపోతుంది, వత్తి పొడవుగా బయటపడి మంట ఎగుస్తుంది. 

దీనికి విరుగుడు కష్టమేమీ కాదు. తెట్టు గట్టిపడి, వేలితో నొక్కితే సొట్టపడే దశలో సన్నటి పుల్లతో వత్తి చుట్టూ మూడు నాలుగు చోట్ల అడుగు దగ్గరి దాకా పొడవండి. మొదట కరిగించినప్పుడే పది పదిహేను శాతం మైనం పక్కన పెట్టుకుని, దాన్ని మొదటి పోతకన్నా అయిదు డిగ్రీలు వేడిగా చేసి ఆ కన్నాల్లో పోయండి. రెండో పోత మొదటి పోత అంచును దాటకూడదు. దాటితే అచ్చుకూ కొవ్వొత్తికీ మధ్యన కారి పక్కన మచ్చలు పడతాయి.

అచ్చు కొవ్వొత్తులకు పారఫిన్‌లో పది శాతం స్టియరిన్ కలిపితే, అంటే కిలోకు వంద గ్రాములు, గట్టిదనం పెరుగుతుంది, నీళ్లలా కనిపించే రంగు పోయి పాలతెలుపు వస్తుంది, అచ్చు ఇంకా తేలిగ్గా వదులుతుంది. స్టియరిన్ ఆమ్లం కాబట్టి రాగి, ఇత్తడి గిన్నెల్లో కరిగించకండి, పచ్చబారుతుంది. స్టీలు వాడండి.

ఇక ఆ అపవాదు సంగతి. పారఫిన్ పెట్రోలియం నుంచి వస్తుంది, నిజమే. కానీ 'అందుకే విషం, సోయా అయితే శుద్ధం' అన్న వాదన వత్తిని వదిలేసి మైనం మీద పడుతోంది. ఏ మైనమైనా పూర్తిగా మండితే మిగిలేది కార్బన్ డయాక్సైడు, నీటి ఆవిరి. మసి వచ్చేది పూర్తిగా మండనప్పుడు. దానికి కారణాలు వత్తి పొడవెక్కువ కావడం, గాలి కొట్టి మంట ఊగడం, వాసన నూనె మోతాదు మించడం. పది శాతం సుగంధం కలిపి వత్తి కత్తిరించకుండా వెలిగించిన సోయా జార్ మెడ నల్లబడుతుంది. వత్తి సరిగ్గా కుదిరిన పారఫిన్ జార్ నల్లబడదు. కొవ్వొత్తుల చరిత్రలో నిజంగా నిషేధం దాకా వెళ్లిన ప్రమాదం కూడా వత్తిదే: మధ్యలో సీసపు తీగ ఉన్న వత్తుల్ని అమెరికా వినియోగదారుల భద్రతా కమిషన్ 2003లో నిషేధించింది. పెట్రోలియం సరుకు వాడటం ఇష్టం లేదంటే అది గౌరవించదగ్గ కారణమే. దాన్ని ఆరోగ్యం పేరుతో చెప్పొద్దనే నేననేది. తేనెమైనం గాలిని శుభ్రం చేస్తుందన్న మాటకూ ఇదే జవాబు. మండేది ఏదైనా గాలిలో ఆక్సిజన్ తీసుకుంటుంది, ఎంతో కొంత పొగ వదులుతుంది. కాసేపు కిటికీ తీయండి, ఏ మైనమైనా సరే.

సోయాకు నిజమైన సుగుణాలు వేరే ఉన్నాయి. తక్కువ వేడికి కరుగుతుంది, నెమ్మదిగా కాలుతుంది, గిన్నెలు సబ్బు నీళ్లతో శుభ్రపడతాయి, జార్‌లో ఒకే పోతతో చాలావరకు పని అయిపోతుంది. వీటి కోసం ఎంచుకుంటే నిరాశపడరు. కానీ దాని అందం గురించి ముందే తెలిసి ఉండాలి. సోయా స్వభావమే స్ఫటికాలు కట్టడం. పోసిన కొన్నాళ్లకు, కొన్నిసార్లు మర్నాటికే, పైనా గాజు వెంటా మంచు పట్టినట్టు తెల్లటి పొర వస్తుంది. కొవ్వు స్ఫటికాలు ఒక రూపం నుంచి ఇంకో స్థిరమైన రూపంలోకి సర్దుకోవడమే అది. వెలగడానికి అడ్డేమీ కాదు. ముదురు రంగు వేసిన సోయా మీద మాత్రం బూజు పట్టినట్టు కనిపిస్తుంది. రంగు వేయకుండా వదిలేస్తే ఎవరూ గమనించరు. ముదురెరుపు, నీలం కావాలనుకుంటే సోయాతో కుస్తీ పట్టకండి, పారఫిన్ వైపు వెళ్లండి.

సోయాను 80 నుంచి 85 డిగ్రీల దాకా వేడి చేసి, సుగంధం కలిపి, రెండు నిమిషాలు నిదానంగా కలపండి. గరిటె జోరుగా తిప్పితే గాలి బుడగలు చేరతాయి. చల్లారనిచ్చి 55-65 డిగ్రీల మధ్య పోయండి. ఈ పోత ఉష్ణోగ్రత ఒక్కో సరుకుకు ఒక్కోలా ఉంటుంది, తయారీదారు ఇచ్చిన అంకెతో మొదలుపెట్టి అయిదేసి డిగ్రీలు అటూ ఇటూ మార్చి చూడాలి. మరీ వేడిగా పోస్తే వత్తి పక్కన గుంటలు పడతాయి, స్ఫటికాల పొర పెరుగుతుంది. మరీ చల్లగా పోస్తే పైన గతుకులు. జార్ చల్లగా ఉంటే మైనం గాజును అక్కడక్కడ వదిలి తడి మరకల్లాంటి మచ్చలు కనిపిస్తాయి. గోరువెచ్చగా చేసి పోస్తే తగ్గుతాయి, పూర్తిగా పోతాయని మాత్రం మాటివ్వలేను. గది వేడి మారినప్పుడల్లా మళ్లీ వస్తుంటాయి. పోశాక కనీసం వారం, వీలైతే రెండు వారాలు మూతపెట్టి ఉంచండి. పోసిన రోజుతోనే మైనం గట్టిపడటం ఆగదు. మర్నాడే వెలిగించి 'వాసన రావట్లేదు' అని సుగంధం పెంచుకుంటూ పోవడం సోయాతో జరిగే మామూలు పొరపాటు.

ఆ సుగంధం ఎంత? డబ్బా మీద 'పది శాతం వరకు' అని ఉంటే అది హద్దు మాత్రమే, వేయమని కాదు. ఆరు శాతంతో మొదలుపెట్టండి. లెక్క మైనం బరువు మీద కట్టాలి. 200 మిల్లీలీటర్ల నీళ్లు పట్టే జార్‌లో సుమారు 180 గ్రాముల మైనం పడుతుంది, మైనం నీటికన్నా దాదాపు పదో వంతు తేలిక కాబట్టి. ఆ 180ని 1.06తో భాగిస్తే 170 గ్రాముల మైనం, మిగతా 10 గ్రాములు సుగంధం. చెంచాలతో కొలవకండి, తూకం వేయండి. మోతాదు మించితే మైనం పట్టుకోలేక పైన నూనె చెమటలా ఊరుతుంది, వత్తి మూసుకుపోయి మంట కుంచించుకుపోతుంది. ఇంకో అపోహ కూడా ఉంది: సుగంధం సీసా మీది ఫ్లాష్ పాయింట్ దాటితే వాసనంతా ఎగిరిపోతుందని. ఆ అంకె చెప్పేది, ఆ వేడికి పైన చేరిన ఆవిరికి నిప్పు తగిలితే అంటుకోగలదని. రవాణాకూ, మంటకు దూరంగా ఉంచుకోవడానికీ పనికొచ్చే అంకె అది, వాసనకు కాదు.

తేనెమైనం 62-64 డిగ్రీలకు కరుగుతుంది. గట్టిది, దాని వాసన దానికి ఉంది, సుగంధం కలపడం డబ్బు దండగ. సన్నటి కొవ్వొత్తులకు, అచ్చులకు దీన్ని మించింది లేదు. 85 డిగ్రీలు దాటించి ఎక్కువసేపు ఉంచితే రంగు ముదురుతుంది. తేనెపట్టు నుంచి నేరుగా వచ్చిన మైనమైతే నీళ్లలో కరిగించి, గుడ్డలో వడకట్టి, చల్లారాక దిమ్మ అడుగున చేరిన మడ్డిని గీకెయ్యాలి. తేనె, బంక మిగిలితే వత్తి మూసుకుపోయి చిటపటలాడుతూ ఆరిపోతుంది. నిలవుంటే పైన పట్టే బూడిదరంగు పొర స్వచ్ఛమైన తేనెమైనం లక్షణం, మెత్తటి గుడ్డతో తుడిస్తే పోతుంది. జార్‌లో అచ్చంగా దీన్నే పోస్తే ముడుచుకుని పగుళ్లిస్తుంది, పైగా అంచులదాకా కరిగించే వత్తి పెడితే గాజు బాగా వేడెక్కుతుంది. జార్‌కు వద్దు. సోయాలో అయిదు పది శాతం కలిపితే మాత్రం సోయాకు కాస్త గట్టిదనం వస్తుంది.

పామ్ మైనాన్ని దాని పూలపూల స్ఫటికాల కోసమే కొంటారు. అవి రావాలంటే 90 డిగ్రీలకు పైన పోసి, అచ్చును ముందే వేడిచేసి, చుట్టూ గుడ్డ కప్పి నిదానంగా చల్లార్చాలి. లోపల గాలి బోలులు ఉంటాయి, పుల్లతో పొడవక తప్పదు. ఆయిల్ పామ్ తోటల కోసం అడవులు నరికిన చరిత్ర ఉంది కనుక సరుకు ఎక్కడిదో అడిగి కొనండి. కొబ్బరి మైనం పేరుతో దొరికేది గట్టిపరిచిన నూనె మిశ్రమం. మామూలు కొబ్బరి నూనె 24 డిగ్రీల దగ్గరే కరుగుతుంది కాబట్టి వంటింటి సీసాలోది కలిపితే మైనం చెమర్చి వదులైపోతుంది. ఎండలు మండే చోట మెత్తటి మైనాలు రవాణాలోనే కరుగుతాయి, అక్కడ జార్‌కైనా 52కు తగ్గకుండా ఎంచుకోవాలి. జెల్ అసలు మైనమే కాదు, పాలిమర్ కలిపి చిక్కబరిచిన మినరల్ ఆయిల్. వేడిగా మండుతుంది. కొత్తవాళ్లకు వద్దు.

మరి నేనేది కొనమంటానంటే: జార్ కోసమైతే 50-52 డిగ్రీలకు కరిగే సోయా-పారఫిన్ మిశ్రమం. పారఫిన్ సుగంధాన్ని బాగా వదులుతుంది, సోయా ముడుచుకోవడాన్ని తగ్గిస్తుంది. సొంతంగా కలిపితే జార్ రకం సోయా 70 పాళ్లు, జార్ రకం పారఫిన్ 30. స్వచ్ఛత పట్టింపు ఉన్నవాళ్లకు ఇది నచ్చదు, కానీ మొదటి ప్రయత్నంలోనే చక్కగా వెలిగే అవకాశం దీనికే ఎక్కువ. అచ్చు కోసమైతే 60 డిగ్రీల పారఫిన్, పది శాతం స్టియరిన్. ముందు కిలోకు మించి కొనకండి. రకం మారిస్తే వత్తి పరీక్ష మళ్లీ మొదటికి వస్తుంది.

ఆ పరీక్ష ఇలా. ఒకే రకం జార్‌లు మూడు, ఒకే మైనం, ఒకే సుగంధం, వరస సైజుల్లో మూడు వత్తులు. వత్తిని ఆరు మిల్లీమీటర్లకు కత్తిరించి, లోపలి వ్యాసం ఏడు సెంటీమీటర్లున్న జార్‌ను మూడు గంటలు వెలిగించండి. వ్యాసంలో ప్రతి రెండున్నర సెంటీమీటర్లకూ గంట చొప్పున లెక్క. మొదటిసారే మడుగు అంచుకు తాకనక్కర్లేదు, అర సెంటీమీటరు దూరంలో ఆగినా మంచిదే. కిందికి దిగేకొద్దీ జార్‌లో వేడి నిలిచి ఆ అంచు కూడా కరుగుతుంది. మొదటి గంటలోనే అంచుకు చేరి, మడుగు సెంటీమీటరున్నర లోతైతే వత్తి ఎక్కువైనట్టు. వత్తి కొసను చూడండి: దీపానికి కొడి కట్టినట్టు నల్లటి బుడిపె కడితే, మంట కాల్చగలిగేదానికన్నా ఎక్కువ మైనం పైకొస్తోంది. సైజు తగ్గించండి. సైజు తగ్గించినా కొడి కడితే సుగంధం తగ్గించండి. మూడోసారి వెలిగించినా చుట్టూ మందపాటి గోడ మిగిలితే సైజు పెంచండి. జార్‌ను చేత్తో పట్టుకోలేనంత వేడెక్కితే ఆ జార్, ఆ వత్తి జంట పనికిరాదు, ఎంత అందంగా వెలిగినా సరే. చివరి సెంటీమీటరు మైనం ఉండగానే ఆర్పేయాలి, అదీ కాలిపోనిస్తే అడుగు గాజు పగలొచ్చు.

కరిగించడం ఎప్పుడూ నీళ్ల గిన్నెలో ఇంకో గిన్నె పెట్టే. నీళ్లు వందకు మించి వేడెక్కవు కాబట్టి మైనమూ మించదు, నీళ్లు ఇంకిపోకుండా చూసుకుంటే చాలు. మైనం పొగలు కక్కితే వెంటనే దించండి. అంటుకుంటే నీళ్లు చల్లకండి. నీళ్లు అడుగుకు దిగి ఒక్కసారిగా ఆవిరై, మండే మైనాన్ని ఎగజిమ్ముతాయి. పొయ్యి ఆపి మూత పెట్టండి. ఆ మూత వెతుక్కునే పని లేకుండా ముందే చేతికి అందేలా ఉండాలి. మిగిలిన మైనాన్ని సింకులో పోయకండి, గొట్టంలో గడ్డకడుతుంది. కాగితం కప్పులో పోసి ఉంచుకుంటే తర్వాతి పోతకు పనికొస్తుంది, దాని మీద మైనం రకం, కరిగే అంకె, సుగంధం శాతం రాసి ఉంటేనే.